ఎద్దుల కడుపు కింది నీడ

మొన్న మా మనవరాలు ప్రొద్దుటూరులో ఫ్రేము కట్టించి తెచ్చి నడిమింటి గోడకు తగిలించిన సిరా బొమ్మ ముందర, ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ కాసేపు ఆగిపోతున్నారు. రెండు తెల్ల ఎద్దులు నెమరు వేస్తూ నిలబడి ఉంటాయి, వాటి కాళ్ళ దగ్గర ఒక మేక ముఖం తిప్పుకొని పడుకొని ఉంటుంది, అంతే. ఎంత నెమ్మదిగా ఉందో చూడండి, ఆ కడుపుల కింద నీడ ఎంత బాగా కుదిరిందో అని బొమ్మల గురించి తెలిసినవాళ్ళు మెచ్చుకుంటుంటే, ఆ నీడ సంగతి తెలిసిన నాకు నవ్వు వస్తుంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, పులివెందుల పక్కన మా మెట్ట ఊళ్ళో వానలు మొహం చాటేసి, గడ్డివాములు అడుగంటి, చివరికి కొట్టం మీద కప్పిన బోదగడ్డి కూడా పీకి పశువులకు వేసిన ఏడాది అది. మా మేనత్తను ఇచ్చిన చాపాడులో కాలువ నీళ్ళు పారేవి కనుక, వానలు పడేదాకా ఎద్దులను అక్కడ ఉంచుదామని మా నాయన అనుకున్నాడు. ఆ బక్క ప్రాణాలు అంతదూరం నడవగలవా, నడిచినా మళ్ళీ మా కొట్టానికి వస్తాయా అన్నది ఎవరికీ తెలియదు. వాటిని దూడలప్పటి నుంచి తన చేత్తో మేత పెట్టి సాకిన మా జేజి, అంటే మా నాయన తల్లి, రెండు రోజులు సంగటి ముద్ద ముట్టలేదు.

జమ్మలమడుగు బడిలో డ్రాయింగు మాస్టరుగా ఉండిన మా చిన్నాయన, తన తల్లి బాధ చూడలేక, మరునాడు ప్రయాణమనగా, ఎద్దుల ఎదుట కూర్చొని సిరాతో వాటి బొమ్మ గీశాడు. ఉన్నది ఉన్నట్టు గీయాలన్నది ఆయన పట్టుదల కాబట్టి, పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. కరువుకు లొంగని ఘనత మేక ఒక్కదానిదే. మా జేజి ఆ కాగితం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకొని, ఆ వెంటనే కోపం తెచ్చుకొని, "ఏందిరా ఇది? డొక్కలెండినట్ట గీస్తే అవి అట్నే పోతాయి. కడుపునిండా మేసినట్ట గియ్యి" అంది.

సిరా గీత చెరిపితే పోదు, ఇంట్లో ఇంకో మంచి కాగితమూ లేదు. మాస్టరుగారి పట్టుదల కన్నతల్లి ముందు ఎంతసేపు నిలుస్తుంది! పొట్టలను గుండ్రంగా కిందికి దించి, ఎముకల గీతల మీద సన్నటి అడ్డగీతలు దట్టంగా వేసి కప్పేశాడు. ఇప్పుడు అందరూ మెచ్చుకునే నీడ అదే.

ఎద్దులు వెళ్ళిపోయాయి. జేజి ఆ బొమ్మను గూట్లో పెట్టుకొని, పొద్దున లేస్తూనే దాని ముఖం చూసేది. వానలు పడ్డాక మా నాయన రెండింటినీ తోలుకొని వచ్చిన రోజు, ఆమె కాగితం పట్టుకొని వాకిట్లోకి పరుగెత్తి, బొమ్మను ఒకసారి, ఎద్దులను ఒకసారి చూసి, సెలవుకు వచ్చి ఉన్న చిన్నాయనతో "నువ్వే శానా తక్కువ గీసినావు పోరా" అంది. ఆమె అంతగా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు మా ఊరికి నీళ్ళు వచ్చాయి, చీనీ తోటలు, అరటి తోటలు పచ్చగా ఉన్నాయి, నా కళ్ళతో చూశాను, అదే పదివేలు. గట్ల మీద మోకాలెత్తు గడ్డి ఉంది, మేయడానికి మాత్రం ఊళ్ళో ఒక్క కాడి ఎద్దులు లేవు. నిన్న ఇదంతా చెబితే మా మనవరాలు బొమ్మను గోడ మీంచి దించి, కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకొని చాలాసేపు చూసి, "ఎముకలు కనపడతాండాయి జేజీ" అంది.

కనపడనీలేమ్మా, ఆ కడుపులు నిండినాయి అని చెప్పాను.