శాంతయ్య తొలిచిన జంట దోనె

చేవెళ్ల వైపు హిమాయత్‌నగర్ ఊరి శాంతయ్యకు తాటిమొద్దును దోనెగా తొలిచే పని తండ్రి దగ్గర అబ్బింది. చెరువు సరిగా నిండక ఆ పని మూలన పడి చాలా ఏళ్లయింది. పోయిన వానాకాలం చెరువు నిండి, అవతలి ఒడ్డున ఉన్న ఆయన టమాట చేనుకు బాట మునిగిపోయింది. పక్క చేను జంగయ్యది. ఇద్దరూ చిన్ననాటి నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్లు.

ఆ వానాకాలపు గాలివానకే జంగయ్య గట్టు మీది ముసలి తాడిచెట్టు కూలింది.

"అన్నా, చెట్టు నాది, చెయ్యి నీది. దోనె చేద్దమా?" అన్నాడు జంగయ్య.

శాంతయ్య మొద్దును నిలువునా రెండుగా చీల్చాడు. బాడిసెతో లోపలి మెత్తటి పీచంతా తవ్వి తీశాడు. బయటి గట్టి చేవ మాత్రమే మిగలాలి, దెబ్బ కాస్త లోతుగా పడితే చిల్లే. కొన వైపు చెక్క బిగించి తారు పూశాడు. ఒంటి దోనె బోర్లాపడుతుందని రెండింటినీ పక్కపక్కన పెట్టి వెదురుబొంగులతో కట్టాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. నీళ్లలోకి దించిన రోజు భార్య అంతమ్మ ప్రార్థన చేసి, భయంభయంగా ఎక్కి కూర్చుని, నడి చెరువులో పకపకా నవ్వింది.

కొన్నాళ్లు ఇద్దరి టమాట గంపలూ అందులోనే చెరువు దాటాయి. అంతలో అంతమ్మకు జ్వరం ముదిరి చేవెళ్ల దవాఖానలో ఉంచాల్సి వచ్చింది. తిరిగి వచ్చేసరికి ఒడ్డున దోనె లేదు.

"కొట్టుకపోయినట్టున్నదన్నా," అన్నాడు జంగయ్య. శాంతయ్యతో పాటు తానూ మెడలోతు నీళ్లలోకి దిగి, తుంగలో చేతులు పెట్టి వెతికాడు. పొద్దు వాలేదాకా వెతికారు.

వారం తిరక్కముందే, పెద్దరోడ్డు పక్క రిసార్టులో ఊడ్చే పనికి పోయే కావ్య చెప్పింది. "మామా, మీ దోనె మా రిసార్టుల ఉన్నది."

శాంతయ్య షేర్ ఆటో ఎక్కి వెళ్లాడు. గడ్డి మీద దోనెలు రెండూ విడివిడిగా పడున్నాయి. అడుగున చిల్లులు పొడిచి, మట్టి నింపి, బంతిమొక్కలు నాటారు. గేటు దగ్గర కొత్త యూనిఫాంలో జంగయ్య కొడుకు రాకేష్ ఎదురొచ్చాడు.

"పెదనాయినా, దోనె చూడనీకె వచ్చినవా? సార్‌కు నచ్చి నాకు నౌకరి ఇచ్చిండు. బాపు నీకు చెప్పలేదా?"

శాంతయ్య పిల్లవాడి భుజం తట్టి వెనక్కి తిరిగాడు. తిన్నగా జంగయ్య ఇంటికి వెళ్లాడు.

"చెట్టు నాదే కదన్నా," అన్నాడు జంగయ్య, తల వంచుకుని. "పోరనికి నౌకరి అన్నరు. నువ్వు ఒప్పుకోవేమోనని..."

"అడిగితే నేనే ఎత్తి బండిల పెడుతుంటి. రాకేష్ నాకు పరాయోడా?" అన్నాడు శాంతయ్య. "ఇచ్చినవ్, ఇచ్చినవ్. మరి నా పక్కపొంటి నీళ్లల్ల దిగి ఏం దేవులాడినవ్‌రా?"



ఆ పంట సగం చెట్ల మీదే కుళ్లింది. మిగిలినది శాంతయ్య, అంతమ్మ గంపల్లో నెత్తిన పెట్టుకుని కట్ట మీదుగా చుట్టూ తిరిగి మోశారు. నీళ్లు తగ్గి బాట తేలాక పక్కపక్క చేలల్లో మళ్లీ పనులు మొదలయ్యాయి. జంగయ్య ప్రతి పొద్దునా "అన్నా" అని పలకరిస్తాడు. శాంతయ్య వంచిన నడుము ఎత్తడు.