కాణిపాకంలో రేపటి మీద ప్రమాణం

కాణిపాకానికి అందరూ మొక్కు తీర్చుకోవడానికి వెళ్తారు. నేను మాత్రం ఇద్దరు మనుషుల్ని కలపడానికని వెళ్లి, కలిసిన వాళ్లను విడగొట్టి వచ్చాను. అందుకే ఇది రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తాయి కాబట్టి బస్సులు, దారి, టిఫిను సంగతులు మామూలుగానే చెబుతాను. మనుషుల పేర్లు మాత్రం మార్చాను.

తిరుపతిలో నాకొక చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. ఎన్నికలొస్తే రెండు పార్టీల కరపత్రాలూ నా దగ్గరే తయారవుతాయి. రంగు మార్చి, బొమ్మ మార్చి, ‘ప్రజల మనిషి’ అన్న మాట మాత్రం రెండింట్లోనూ అలాగే ఉంచుతాను. ఆ పని తిండి పెడుతుంది. మనసుకు పట్టిన పని ఇంకొకటుంది, శాంతి వేదిక. వేదిక అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఐదారుగురం మనుషులం, ఒక బ్యానరు, అంతే. ఎన్నికల గొడవలు జరిగిన ఊళ్లకు వెళ్లి రెండు వైపులవాళ్లతోనూ మాట్లాడి వస్తుంటాం. దాని గురించి పత్రికలకు ప్రకటన పంపితే ఏ మూలో రెండు లైన్లు వస్తే గొప్ప. ఒకసారి ఒక స్థానిక ఛానల్ వాళ్లు చర్చకు పిలిచారు. ‘‘మీరు ఏ పార్టీ తరఫున మేడమ్?’’ అని అడిగారు. ఏ పార్టీ కాదన్నాను. ‘‘అట్లయితే మీకు కుర్చీ యాడ వేసేది?’’ అని వాళ్లకు నిజంగానే సందేహం వచ్చింది. చివరికి ఖాళీగా ఉన్న వైపు కూర్చోబెట్టారు. గంటసేపు ఆ పార్టీ మనిషిగానే చలామణి అయ్యాను.

ఇక ఈ ప్రయాణం సంగతి. కార్వేటినగరం దగ్గరి ఒక పల్లెలో చెంగల్రాయులు, మునిరత్నం అని బావా బావమరుదులు ఉన్నారు. చెంగల్రాయులు భార్య దేవకి, మునిరత్నానికి స్వయానా అక్క. ఇద్దరివీ వేరు వేరు పార్టీలు. ఎన్నికలప్పుడు చెంగల్రాయులు కట్టించిన ఫ్లెక్సీ ఒకటి తెల్లారేసరికి చినిగి కింద పడి ఉంది. దాన్ని చేత్తో పట్టుకుని నిలబడిన మునిరత్నాన్ని ఎవరో ఫోన్లో తీశారు. గాలికి పడిపోతే పక్కకు లాగానని అతను ఎంత మొత్తుకున్నా, ‘బావ ఫ్లెక్సీని చించిన బామ్మర్ది’ అని ఒక యూట్యూబ్ ఛానల్లో వచ్చేసింది. దాని మీద కొట్లాట, కేసులు. అప్పటి నుంచి మాటల్లేవు. దేవకికి ఆలస్యంగా పుట్టిన ఆడబిడ్డ ఉంది. మూడేళ్లు నిండినా ఆ పిల్లకు చెవులు కుట్టించలేదు. మేనమామ తొడ మీద కూర్చోబెట్టి కుట్టించాలి కదా, ఆ మేనమామ గడప తొక్కడం లేదు. దేవకి నన్ను వెతుక్కుంటూ తిరుపతికి వచ్చింది దీనికోసమే. ‘‘కేసులు కొట్టేయమని అడగడం లేదక్కా. మా తమ్ముడు బిడ్డను ఒక్కసారి ఒడిలో పెట్టుకుంటే చాలు’’ అంది.

కాణిపాకం ఆలోచన నాదే. ఆ స్వామి ఎదుట అబద్ధపు ప్రమాణం చేయడానికి ఈ జిల్లాలో ఎంత మొండివాడైనా జంకుతాడు. మా నాయకులు కూడా టీవీల్లో ‘కాణిపాకం రా, తేల్చుకుందాం’ అని సవాళ్లు విసురుకుంటారు. ఆ సవాళ్లు వినీ వినీ విసిగిపోయి, అదే గుడి దగ్గర ఇద్దరు మనుషులు ‘ఇకమీదట రాజకీయం కోసం కొట్టుకోము’ అని కలిసి ప్రమాణం చేస్తే ఎంత బాగుంటుంది అనుకున్నాను. చూసినవాళ్లు పదిమంది మారతారనుకున్నాను. చూడాలంటే కెమెరా ఉండాలి కదా. అందుకే ఒక చిన్న ఛానల్లో పనిచేసే సురేంద్రకు ఫోన్ చేశాను. నలభై ఏళ్ల మనిషి, చెడ్డవాడు కాదు.

‘‘అక్కా, కొట్లాడతాంటే సూస్తారు గానీ కలిసిపోతే ఎవురు సూస్తారు?’’ అన్నాడు.

‘‘ఒక్కసారి వేసి చూడవయ్యా.’’

‘‘సరే, నీ మాట కాదనలేను. వస్తాలే.’’

ఆ రోజు ఉదయం ఆరున్నరకు తిరుపతి బస్టాండులో కాణిపాకం బస్సు ఎక్కాను. చంద్రగిరి, పాకాల మీదుగా రెండు గంటల పైన పడుతుంది. మగవాళ్లకు టికెట్ వందకు అటూ ఇటూ. పల్లెవెలుగులో ఆడవాళ్లకు ఉచితం, ఆధార్ మర్చిపోకండి. కుడివైపు కిటికీ దొరికితే చంద్రగిరి కోట కొండ కనిపిస్తుంది. పాకాలలో బస్సు టీ కోసం ఆగింది. ఒడిలో బ్యానరు చుట్ట పెట్టుకుని కూర్చున్న నన్ను చూసి కండక్టర్‌కు కుతూహలం ఆగలేదు.

‘‘యాడికి మా బ్యానరు?’’

‘‘కాణిపాకానికే. ఇద్దరితో ప్రమాణం చేయిస్తున్నాం.’’

‘‘ఏం పోయినాది?’’

‘‘ఏమీ పోలేదు. ఇకమీదట కొట్టుకోమని ప్రమాణం చేస్తారు.’’

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. ‘‘జరిగిపోయినదాని మీద గదమ్మా ఈడ ప్రమాణం చేసేది. నేను తీయలేదు, నేను కొట్టలేదు అని. జరగబోయేదాని మీద ప్రమాణం చేసేది మంత్రులు ఒకరే!’’ అన్నాడు. డ్రైవర్ పొలమారేలా నవ్వాడు. నేనూ నవ్వాను. బాగుంది, నా బ్లాగులో రాసుకోవచ్చు అనుకున్నానే గానీ, ఆ మాట నాకే తగులుతుందని ఆలోచించలేదు. తెలివి ఉన్నదాన్నయితే ఆ పాకాలలోనే దిగి తిరుగు బస్సు ఎక్కేదాన్ని.

కాణిపాకంలో దిగగానే గుడి వీధిలో వరసగా టిఫిన్ బళ్లుంటాయి. పొంగలి బాగుంటుంది, నలభై యాభై రూపాయల్లో కడుపు నిండుతుంది. దేవకి, చెంగల్రాయులు, చిన్నపిల్ల చిత్తూరు మీదుగా బస్సులో వచ్చి అప్పటికే ఒక బండి దగ్గర కూర్చుని ఉన్నారు. సురేంద్ర పక్కన నిలబడి మైకు సరిచేసుకుంటున్నాడు. కాసేపటికి మునిరత్నం బైకు మీద వచ్చాడు. అక్కను చూసి తల ఊపి, జేబులోంచి బొరుగుల ఉండల పొట్లం తీసి పిల్లకు చాపాడు. పిల్ల తల్లి కొంగు చాటుకు పోయింది. ‘‘నేను మామను గదా’’ అన్నాడు మునిరత్నం. ఆ గొంతు విని నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు చెంగల్రాయులు, పొంగలి ప్లేటులోంచి తల ఎత్తకుండానే అడిగాడు. ‘‘బండి మీదనా వచ్చినావు?’’

‘‘ఊ.’’

‘‘పొద్దన్నే ఇంత సలి ఉండాది గదా. తలకు తువ్వాల కట్టుకోని రాకూడదా?’’

‘‘తొందర్లో మర్సిపోయినా బావా.’’

అంతే. చెంగల్రాయులు జరిగి బల్ల మీద చోటిచ్చాడు. మునిరత్నం కూర్చున్నాడు. టిఫిన్ బండి నడిపే ఆమె, ఎవరూ అడగకుండానే ఇంకో ప్లేటు పెట్టింది. మేం ఎందుకు వచ్చామో ఆ పని అక్కడే అయిపోయింది. ఎంతోమంది పెద్దమనుషులు తీర్చలేనిది ఒక తువ్వాల మాటతో తీరిపోయింది. నాకు కనపడలేదు. నేను టైము చూసుకుని, ‘‘ఇక స్నానాలు చేసి రండి, రద్దీ పెరుగుతుంది’’ అన్నాను.

ఇద్దరూ తలస్నానం చేసి తడిబట్టలతో గుడి ముందుకు వచ్చారు. అక్కడి ఆచారం అదే. కెమెరాలు లోపలికి తీసుకుపోనివ్వరు కాబట్టి బయటే మా బ్యానరు ముందు నిలబెట్టాం. తడిబట్టలతో ఇద్దరు మగవాళ్లు కనపడితే చాలు, కాణిపాకంలో ఎవరికైనా అర్థమయ్యేది ఒక్కటే. పూలమ్మే ఆమె నా చెయ్యి తట్టి, ‘‘ఏం ఎత్తుకున్నారంట మా? ఇద్దర్లో ఎవురు దొంగ?’’ అని అడిగింది. మునిరత్నం విన్నాడు. ముఖం నల్లబడింది. సురేంద్ర సరిగ్గా అప్పుడే మైకు ముందుకు పెట్టాడు.

‘‘అన్నా, ఆ పొద్దు ఫ్లెక్సీ చించలేదని దేవుని ముందర ప్రమాణం చేస్తా ఉండారా?’’

‘‘దానికి కాదప్పా మేము వచ్చింది. ఇంగ కొట్లాడుకోము అని చెప్పేదానికి వచ్చినాము.’’

‘‘అంటే చించినట్టేనా?’’

సురేంద్రా, ఆగు అని నేను అరిచాను. చుట్టూ జనం చేరారు, ఫోన్లు పైకి లేచాయి. చించలేదని ప్రమాణం చేస్తే అనుమానితుడు, చేయకపోతే దొంగ. ఆ ప్రశ్నకు మూడో జవాబు లేదు. మునిరత్నం సాయం కోసం బావ వైపు చూశాడు. చెంగల్రాయులు కోపంగా అనలేదు, మెల్లగానే అన్నాడు. ఇన్నాళ్లూ మనసులో తొలిచినది బయటికి వచ్చిందంతే.

‘‘చించలేదంటే ప్రమాణం చేసేదానికేమి మునిరత్నం?’’

‘‘నువ్వు గూడా అదే అడుగుతావా బావా?’’

తడి పంచెతోనే బైకెక్కి వెళ్లిపోయాడు. దేవకి పిల్లను చంకనేసుకుని ‘‘ఒరే, ఆగరా’’ అంటూ కొంతదూరం పరుగెత్తి ఆగిపోయింది. నేను సురేంద్ర మీద విరుచుకుపడ్డాను, నిన్ను పిలిచింది దేనికి అని. ‘‘నేను అది అడక్కపోతే, ఎందుకు అడగలేదని మా ఆఫీసులో నన్నడుగుతారక్కా’’ అన్నాడు తల దించుకుని. కనీసం అది వేయకు అన్నాను. ‘‘ఇంగ నా చేతిలో ఏముండాదక్కా, ఇంతమంది ఫోన్లలో ఉంటే’’ అన్నాడు. అది నిజమే.

దేవకి తిరిగొచ్చి నా ముందు నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ‘‘మావోళ్లు మాట్లాడుకున్నారు గదక్కా. తువ్వాల కట్టుకోని రాకూడదా అని అడిగినాడు గదా. మళ్లా దేవుడు, టీవీ ఇవన్నీ మనకెందుకు?’’ అంది. నేను వంగి బ్యానరు చుట్టుకోవడం మొదలుపెట్టాను.

మధ్యాహ్నం బస్సులో తిరిగి వస్తుంటే పక్క సీటాయన ఫోన్లో ఆ వీడియో మోగుతోంది. వెనక డప్పుల సంగీతం, ‘కాణిపాకంలో ప్రమాణానికి జంకిన బామ్మర్ది’ అని ఎర్రక్షరాలు. ‘‘చించే ఉంటాడులే’’ అన్నాడాయన నవ్వుతూ. నేను అక్కడే ఉన్నాను, జరిగింది అది కాదు అన్నాను. ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, మీరు ఆ పార్టీనా మా అని అడిగాడు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

కొన్నాళ్ల తర్వాత సురేంద్ర దగ్గర నుంచి ఒక చిన్న వీడియో వచ్చింది. మైకు పనిచేస్తోందో లేదో చూసుకుంటూ టిఫిన్ బండి దగ్గర తీసినదట. చలి, తువ్వాల, బల్ల మీద చోటు, అన్నీ ఉన్నాయి అందులో. ‘‘ఆఫీసుకు పంపిస్తే ఇందులో ఏముండాది అన్నారక్కా. తుడిసేయబుద్ధి కాలేదు, నువ్వు పెట్టుకో’’ అన్నాడు. దాన్ని పదిసార్లు చూశాను. ఇదే శాంతి, చూడండి అని ఊరంతా పంచాలని చేతులు దురద పెట్టాయి. ఈసారి మాత్రం ముందు దేవకికి పంపి అడిగాను. ‘‘ఎవురికీ వద్దక్కా. మా తమ్మునికి ఒకనికే సూపిస్తా’’ అంది.

పోయిన వారం దేవకి ఫోన్ చేసింది. పిల్లకు చెవులు కుట్టించారు, పుట్టింట్లో, మేనమామ తొడ మీదే. మరి చెంగల్రాయులు, అని అడిగాను. ‘‘వీధి మొగదల దాకా వచ్చినాడంటక్కా. బండి దిగలేదంట. బిడ్డ ఏడ్సింది మాత్రం వినపడి ఉంటాది’’ అంది.

శాంతి కూడా వార్తే అని ఇన్నేళ్లూ పత్రికలతో, ఛానళ్లతో పోట్లాడుతూ వచ్చాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. ఆ వీడియోను తుడిచేయబుద్ధి కాని సురేంద్ర లాంటివాళ్లు ఏదో ఒకరోజు ఆఫీసులో కూర్చుని ఏది వేయాలో నిర్ణయించే చోటికి వస్తారని ఆశ చావలేదు. కానీ నా పొరపాటు కూడా నాకు తెలిసింది. రెండు పార్టీల వాళ్ల లాగే నాకూ జనం చూడటమే ముఖ్యమైంది. కలిసిపోయిన ఇద్దరిని లేపి, మళ్లీ ఎదురెదురుగా నిలబెట్టాను. ఒక నాన్న తన బిడ్డ చెవులు కుట్టే రోజున వీధి చివర ఆగిపోయాడంటే అందులో నా బ్యానరు వాటా ఉంది.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. కాణిపాకానికి రద్దీ లేని రోజు చూసుకుని వెళ్లమని అందరూ చెబుతారు. మాటల్లేని బంధువును వెంట తీసుకెళ్తుంటే మాత్రం ఆదివారమే వెళ్లండి, ఉచిత దర్శనం క్యూలోనే నిలబడండి. గంటకు పైగా ఒకరి భుజం ఒకరికి తగులుతూ కదలాలి, మంచినీళ్ల సీసా అటూ ఇటూ అందించుకోక తప్పదు. ఆ ఇరుకులోకి మైకు దూరదు.