దుప్పటి కప్పిన ఊపిరి

మార్కాపురంలో ఐసీయూ నర్సుగా పనిచేసిన రోజుల్లో దుప్పట్ల విషయంలో నాకు మహా పట్టింపు. డాక్టరుగారు రౌండ్సుకు వచ్చేసరికి ప్రతి రోగికీ గొంతు దాకా దుప్పటి కప్పి, అంచు మడిచి పెట్టేదాన్ని. "నీ రోగులు పెళ్ళిచూపులకు తయారైనట్టుంటారే" అని తోటి నర్సులు ఆటపట్టిస్తే మురిసిపోయేదాన్ని.

అప్పుడే రాచర్ల వైపు గొర్రెల కాపరి ఒకాయన ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి వెంటిలేటర్ మీద ఉండేవాడు. మర్నాడు గొంతులోని గొట్టం తీసేద్దామని డాక్టరుగారి ఆలోచన. ఆ ముందురోజు పొద్దున చూడటానికి వచ్చిన ఆయన భార్య మానిటర్ వంక చూడనే లేదు. దుప్పటి తొలగించి, ఆయన పక్కటెముకల కింద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"డొక్కలెగరేస్తాండాడు నర్సమ్మా. జబ్బు చేసిన గొర్రె ఇట్లనే లాగుతాది. మిషను గాలి ఈయనకు చాలట్లేదు."

"ఏంది పెద్దమ్మా, ఆక్సిజన్ తొంభై ఎనిమిది ఉంది, కనపడట్లేదా? నువ్వు గొర్రెల్ని చూసుకో, ఈయన్ని మేం చూసుకుంటాం" అన్నాను. ఆమె చెయ్యి తీయించి దుప్పటి మళ్ళీ పైకి లాగాను. డాక్టరుగారికి చెప్పాల్సిన మాటగా కూడా అది నాకు తోచలేదు.

మర్నాడు గొట్టం తీశారు. గంటసేపు కూడా తట్టుకోలేకపోయాడు, మళ్ళీ వేశారు. నాలుగో రోజు చనిపోయాడు. వెళ్ళేముందు ఆమె నా చేతులు పట్టుకుని, "బాగా చూసుకున్నావు తల్లీ" అంది.

కొన్నాళ్ళకు కొత్త డాక్టరమ్మ వచ్చింది. రోగి ఎంత కష్టపడి ఊపిరి లాగుతున్నాడో కొలవడానికి పెద్ద ఆసుపత్రుల్లో అన్నవాహికలోకి ఇంకో గొట్టం దించుతారట. అదేమీ లేకుండానే తెలుసుకోవచ్చని ఆమె చూపించింది. ముందు దుప్పటి తీసి, మెడ కండరాలూ డొక్కలూ చూడమంది. తర్వాత ఒక బటన్ నొక్కి క్షణం పాటు గాలి ఆపితే, రోగి లాగే బలం తెర మీద అంకెగా వచ్చింది. ఆ బటన్ మా మిషన్‌కు మొదట్నుంచీ ఉంది.

ఆ పెద్దమ్మ మాట డాక్టరుగారి చెవిన వేసి ఉంటే ఆమె భర్త బతికేవాడని అనలేను. గొట్టం మాత్రం ఆ రోజు తీసేవాళ్ళు కాదు. మాది గిద్దలూరే. ఆటో ఎక్కితే రాచర్ల ఎంతసేపు? నువ్వు చెప్పిందే నిజం పెద్దమ్మా అని చెప్పడానికి ఇంతవరకూ పోలేదు. పోతే, మరి ఆ పొద్దు నా మాట ఎందుకు వినలేదని అడుగుతుంది. గొర్రెలు కాసుకునేదానికి ఏం తెలుసులే అనుకున్నానని ఆమె మొహం మీదే చెప్పాలి.