గ్రీజు ఎవరు పెట్టారు?

ఈ రోజు మా చర్చి ఆవరణలో పిల్లల కర్ర కార్ల పోటీ జరిగింది. వాలుగా పెట్టిన పలక మీద నుంచి ఎవరి కారు ముందు దిగితే వాళ్లు గెలిచినట్టు. మా పదేళ్ల అమ్మాయి రూతు, నేను కలిసి వారం రోజులు చెక్కాం. దారం అయిపోయిన కర్ర రీళ్లనే చక్రాలుగా బిగించాం.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు పిండే రోలర్లకు ఇరవై ఏళ్లుగా గ్రీజు పెడుతున్న చెయ్యి నాది. ఊరుకుంటుందా? పొద్దున రూతు "వద్దు బాపు, ఉత్తగనే మంచిగ ఉరుకుతుంది" అంటున్నా వినకుండా ఇరుసులకు దట్టంగా పట్టించాను.

అరచేతిలో పట్టే కారు అది. మిగతావన్నీ దూసుకుపోతే మాది పలక మధ్యలోనే ఆగిపోయింది. అందరూ నవ్వారు. మా ఫ్యాక్టరీ ఫిట్టరు ఒకతను నా పక్కకొచ్చి, "గింత గ్రీజు ఎవరు పెట్టిండ్రన్నా?" అని అడిగాడు.

"మా పిల్లనే. వద్దంటే వినలే" అన్నాను.

రూతు విన్నది. ఇంటికొచ్చి కిరసనాయిలుతో ఇరుసులు తుడిచింది, పీటను వాలుగా పెట్టి కారును వదిలింది. అది వాకిలి దాటి వీధిలోకి పోయింది. తెచ్చి నా చేతిలో పెట్టింది.

"గిప్పుడు నువ్వే చేసినవని చెప్పుకో బాపు."

మీరైతే ఆ ఫిట్టరు ఇంటికి వెళ్లి నిజం చెప్పేవాళ్లా? నేను చెప్పులేసుకుని గేటు దాకా వెళ్లాను. తిరిగొచ్చి ఇక్కడ రాస్తున్నాను. అతను బ్లాగులు చదవడు.