తుప్పు పట్టిన ఇనపరాకాసి

ఈ ఉదయం కిటికీ ఊచలు తుడుస్తుంటే అరచేతికి తుప్పు అంటుకుంది. ఆ వాసనకు ఎనభైల నాటి మా వన్‌టౌన్ ఇంటి అరుగు కళ్ల ముందుకొచ్చింది. మిత్రులారా, ఆ అరుగు మీద మనం నడిపిన యుద్ధాలు గుర్తున్నాయా? ఒకరిది డైనోసార్ పక్షం, మరొకరిది సొంతంగా కల్పించుకున్న రాకాసి పక్షం, పోరంతా మాటలతోనే. ఓడిన జీవి చచ్చినట్టే, మళ్లీ ఆటలోకి రాకూడదు.

నాది పోర్టులో కుప్పపోసిన ఇనుప ఖనిజం తిని పెరిగిన ఇనపరాకాసి. ఎన్నో డైనోసార్లను మట్టికరిపించింది. ఉప్పునీరు తగిలితే దాని మోకాళ్లు తుప్పుపడతాయన్న రహస్యాన్ని ప్రాణస్నేహితుడు సూరికి మాత్రమే, జాలరిపేటలో పడవ చాటున చెప్పాను.

మరుసటి ఆదివారం సూరి డైనోసార్ పక్షాన నిలిచాడు. వాడి డైనోసార్ కరవలేదు, తన్నలేదు. నా రాకాసిని నేరుగా సముద్రంలోకి ఈడ్చుకెళ్లింది.

“ఇది అన్నాయంరా సూరీ!” అని అరిచాను.

“అన్నాయమేటి బావా? మోకాళ్లు తుప్పట్టిపోతాయని నువ్వే సెప్పావు కదేటి!”

అరుగంతా నవ్వింది. నా రాకాసి చచ్చింది.

తరువాత కళాశాల వేదికలపై వాదోపవాద పోటీల్లో ఎందరినో ఓడించాను. నమ్మి చెప్పిన మాటను ఆయుధంగా మాత్రం ఏనాడూ వాడలేదు. సూరీ, ఈ గ్రూపులో నువ్వూ ఉన్నావు. లైకు కొట్టి తప్పించుకోకు, సమాధానం చెప్పు.