రెండు చెవుల్లో ఒకే గొంతు

చేతిలో ఫోన్ నీళ్లలో పడితే ఇంట్లో మనిషికి జ్వరం వచ్చినంత కంగారుపడే రోజులవి. నాకు హిమాయత్‌నగర్‌లో మొదటి ఉద్యోగం దొరికిన ఏడాది. మకాం చిక్కడపల్లిలో మా మేనత్త ఇంట్లో. అప్పుడే కొన్న టచ్ ఫోన్‌ను ఎంత అపురూపంగా చూసుకునేదాన్నంటే, వేలిముద్రలు పడతాయని ముట్టుకోవడానికి కూడా మనసొప్పేది కాదు (ముట్టుకుంటేనే పనిచేసే వస్తువుతో అది కాస్త కష్టమైన ప్రేమ). అలాంటిది ఒక శుక్రవారం సాయంత్రం, వాన దంచికొడుతుంటే, నారాయణగూడ చౌరస్తాలో ఆటో దిగుతూ మోకాలి లోతు నీళ్లలో దాన్ని జారవిడిచాను. దేవులాడి బయటికి తీసేసరికి తెర నల్లబడిపోయింది. ఎక్కడ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

బియ్యంలో పెడితే తేమ లాగేస్తుందని ఆఫీసులో ఎవరో అనగా విన్నాను. ముందు బ్యాటరీ తీయాలన్న మాట మాత్రం వినలేదు. మురికినీళ్లలో పడ్డది బియ్యంలో పెడతానంటే అత్తమ్మ ఊరుకోదు. అందుకని చేతిరుమాల్లో చుట్టి, ఎవరూ చూడకుండా బియ్యం డబ్బాలో మోచేతి లోతున పాతిపెట్టాను. నిజానికి ఆ ఇంట్లో నన్ను గమనించే స్థితిలో ఎవరూ లేరు. సోమవారం అత్తమ్మకు పిత్తాశయంలో రాళ్లు తీసే ఆపరేషన్. అదేమంత పెద్దది కాదని మామయ్య పేపరు ముందేసుకుని కూర్చునేవారు గానీ, పేజీ తిరిగేది కాదు.

శనివారం మధ్యాహ్నం మబ్బు కమ్మి, కరెంటు పోయి, ఇల్లంతా మసకగా ఉంది. హాల్లో ల్యాండ్‌లైన్ మోగింది. నేనే ఎత్తాను. అవతల మాట లేదు. ఎండుటాకుల మీద ఎవరో మెల్లగా జరుగుతున్నట్టు గరగర. అంతలో వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. ఒక్క క్షణం ఆగి అదే విజిల్, బావి అడుగునుంచి వచ్చినట్టు, నా చెవి దగ్గర వినిపించింది. రిసీవర్ పెట్టేసి చేతిని చున్నీకి తుడుచుకున్నాను. ఎందుకు తుడుచుకున్నానో నాకే తెలియదు.

సాయంత్రం మళ్లీ మోగితే మామయ్య ఎత్తారు. అప్పుడే వంటింట్లోంచి అత్తమ్మ చాయ్ పెట్టాల్నా అని అడిగింది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. రిసీవర్‌ను అరచేత్తో మూసి నన్ను దగ్గరికి రమ్మన్నారు.

"మీ అత్త లోపల్నే ఉన్నదా బిడ్డా?"

ఉందన్నాను.

"ఈడ గూడ ఉన్నది," అన్నారు, రిసీవర్ చూపించి.

ఆ గొంతు ఏ లోకంనుంచి వచ్చిందనుకున్నారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. వెంటనే బయటికెళ్లి మూరెడు మల్లెపూలు తెచ్చారు. ఉల్లిగడ్డలు తరుగుతానని కూర్చుని వేలు కోసుకున్నారు. సోమవారం మంచిది కాదు, ఆపరేషన్ వాయిదా వేయమని డాక్టరును అడుగుదామన్నారు. అత్తమ్మ నన్ను పక్కకు పిలిచి, మామకు బీపీ గిట్ల పెరిగిందా అని ఆరా తీసింది. నా ధైర్యమూ అంతంతమాత్రమే. ఫోన్ ఉన్న బల్ల పక్కనుంచి నడవాల్సి వస్తుందని, వంటింట్లోకి బాల్కనీ చుట్టూ తిరిగి వెళ్లాను (మామయ్య కూడా అదే దారిలో ఎదురొచ్చారు, ఇద్దరం వాన చూస్తున్నట్టు నిలబడ్డాం).

ఆదివారం అత్తమ్మ వంట మొదలుపెట్టింది. నేను కింద కూర్చుని తోటకూర బాగుచేస్తున్నాను. ఆమె డబ్బా మూత తీసి, బియ్యంలోకి గ్లాసు గుచ్చింది. హాల్లో ఫోన్ మోగింది, చాలాసేపు మోగి, మామయ్య ఎత్తినట్టున్నారు, ఆగింది. అప్పుడు బియ్యం అడుగునుంచి మగగొంతు వినబడింది.

"మీరెవరో నాకు తెల్వదు. ఆమెను మాత్రం పిలువకుండ్రి. ఆమె లేకుంటే ఈ ఇంట్ల ఏది యాడుంటదో నాకు తెల్వదు. కావాల్నంటే నేనొస్త."

అత్తమ్మ చెయ్యి బియ్యంలోనే బిగుసుకుపోయింది. ముంజేతి చుట్టూ గింజలు సన్నగా జారుతున్నాయి. ఆమె అరవలేదు. కాసేపు డబ్బాలోకి చూసింది. తర్వాత వంగి, ఆ బియ్యంతోనే నిదానంగా అంది:

"నేను యాడికి పోతలేనయ్యా. నువ్వు జర ఆ ఫోన్ పెట్టెయ్."

హాల్లో రిసీవర్ నేలకు కొట్టుకున్న చప్పుడైంది. మామయ్య వంటింటి గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. నేను మోచేతి దాకా చెయ్యి పెట్టి మూట బయటికి తీశాను. తెర నల్లగానే ఉంది గానీ, ఫోన్ మాత్రం ప్రాణమున్నదానిలా వెచ్చగా ఉంది. (తెర పోయిందే తప్ప ఫోన్ పోలేదనీ, లోపలి తేమకు దానంతటదే ఒత్తుకుంటోందనీ తర్వాత నారాయణగూడ రిపేరు షాపులో చెప్పారు. మొదటి తెర మీద, ఒత్తగానే కలిసేలా నేను పెట్టుకున్నది అత్తమ్మ వాళ్ల ఇంటి నంబరే. అత్తమ్మ గ్లాసు తగిలి స్పీకరు ఎప్పుడు ఆన్ అయిందో మాత్రం వాళ్లకూ తెలియదు.)

అత్తమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె నా వైపే చూడలేదు. మామయ్య కోసుకున్న వేలు పట్టుకుని, కట్టు తడిసిందని విప్పి కొత్త గుడ్డ చుట్టింది. ఆయన తల ఎత్తలేదు. సోమవారం ఆపరేషన్ అనుకున్నట్టే జరిగింది. అత్తమ్మ క్షేమంగా ఇంటికొచ్చి, డబ్బాలు తప్పుగా సర్దారని మా ఇద్దరినీ కేకలేసింది.

ఇన్నేళ్ల తర్వాత ఆ మధ్యాహ్నం గుర్తొస్తే నాకు నవ్వొచ్చేది నన్ను తలుచుకునే. అన్నేళ్ల కాపురంలో నోరు దాటని మాట ఆ వంటింట్లో ఆ ఇద్దరి మధ్యా అప్పుడే పడింది. వాళ్ల కాళ్ల దగ్గరే కూర్చుని నేనేమో, ఛార్జింగ్ రంధ్రంలో ఇరుక్కున్న నూకను పిన్నీసుతో తీస్తూ, నా ఫోన్ పోయిందని వెక్కి వెక్కి ఏడుస్తున్నాను.