శబ్దం అక్కర్లేని వయొలిన్

హరికథలకూ గుడి ఉత్సవాలకూ వయొలిన్ వాయించి బతికినదాన్ని నేను. బాపట్లలో మా ఇంటికి వచ్చి పిలిచేవాళ్ళు ఏటికేడాది తగ్గిపోతున్న రోజుల్లో, పెళ్ళిళ్ళ ఏర్పాట్లు చూసే ఒకతను ఫోన్ చేశాడు. తెనాలి దగ్గర ఫంక్షన్ హాల్లో రిసెప్షన్. నలుగురు కుర్చీల్లో కూర్చుని, ఎదురుగా స్టాండు మీద నొటేషన్ పెట్టుకుని, ఇంగ్లీషు సంగీతం వాయించాలట. ఏదో విదేశీ పెళ్ళి ఫోటో కూడా పంపాడు.

"అచ్చం ఇలాగే ఉండాలి మేడమ్," అన్నాడు.

నాకు ఆ సంగీతం రాదు. మేం నేల మీద కూర్చుని, వయొలిన్ తల పాదానికి ఆనించి వాయిస్తాం. వాళ్ళు భుజం మీద పెట్టుకుంటారు. తీగలు శ్రుతి చేసే పద్ధతే వేరు. అయినా సరేనన్నాను. ఈ వయసులో నన్ను కొత్తది నేర్చుకోమని అడిగినవాళ్ళు ఎవరూ లేరు. ఆ అడగటమే నాకు నచ్చింది.

రేపల్లెలో ఒక మాస్టారున్నారు. చర్చిలో చాలా ఏళ్ళు వయొలిన్ వాయించి, పాటలు పాడేవాళ్ళకు శిక్షణ ఇచ్చినాయన. ఐదు గీతల నొటేషన్ చదవగలిగినవాళ్ళు మా వైపు నాకు తెలిసి ఆయనొక్కరే. బస్సెక్కి వెళ్ళి అడిగాను.

"నేర్పుతానమ్మా. కానీ నీకు వచ్చిందంతా కాసేపు పక్కన పెట్టాలి. పెట్టగలవా?"

"పెడతానండి."

"అయితే నేనూ వస్తా. నాకూ ఓ కుర్చీ వెయ్యమను."

నా పాత వయొలిన్‌ని వేరే శ్రుతికి బిగించటానికి మనసొప్పలేదు. ఇద్దరం కలిసి తెనాలి వెళ్ళాం. అక్కడి వాద్యాల దుకాణం మా ఇద్దరికీ ఎప్పటినుంచో తెలుసు. ఒకప్పుడు బ్యాండు మేళాలవాళ్ళూ నాటకాలవాళ్ళూ నిలబడటానికి చోటుండేది కాదు. ఇప్పుడు ముందు వరస నిండా పిల్లల కీబోర్డులే. దుకాణం భాయి పై అరలోంచి ఒక కొత్త వయొలిన్ దించి, నా చేతిలో పెట్టాడు. వార్నిష్ వాసన ఇంకా పోలేదు. భుజం మీద జారకుండా కింద తగిలించే మెత్తటి దిండు, తీగ పలికేలా కమానుకు రాసే రాళం బిళ్ళ, మడతపెట్టే స్టాండు తీసుకున్నాం. నొటేషన్ పుస్తకం మాత్రం లేదు.

"ఈ గీతల పుస్తకం అడిగేవాళ్ళే లేరండి మాస్టారూ. మీ కోసం మద్రాసు నుంచి తెప్పిస్తా," అన్నాడు. తెప్పించాడు కూడా.

ఆ తర్వాత రేపల్లెకు తిరగని వారం లేదు. మెడ పట్టేసేది. దవడ కింద చర్మం కందిపోయేది. మాస్టారి వేళ్ళ కణుపులు వాచి ఉండేవి, అందుకని ఆయన ఎక్కువగా పెన్సిల్‌తో బల్ల మీద తాళం వేస్తూ కూర్చునేవారు.

"అదిగో, మళ్ళీ ఊపావు. గమకం వద్దమ్మా. ఆ స్వరం మీద కదలకుండా నిలబడు."

ఒక సాయంత్రం ఆయనా వయొలిన్ తీసుకున్నారు. ఆయనది ఒక వరస, నాది ఇంకొకటి. రెండు వేరువేరు పాటలు ఒకదాన్నొకటి తోసుకోకుండా పక్కపక్కనే నడిచాయి. ఇన్నేళ్ళ కచేరీల్లో అలాంటిది నేనెరగను. ముగిశాక నేనే మళ్ళీ మొదటి పేజీకి తిప్పాను.

రిసెప్షన్ రోజున మాకు నల్లకోట్లు తొడిగారు. మిగతా రెండు కుర్చీల్లో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు. ఒకమ్మాయి కమానును తలకిందులుగా పట్టుకుని ఉంది. నాకు అనుమానమొచ్చింది. మైకులేవని ఆ ఏర్పాట్లతన్ని అడిగాను.

"మైకులెందుకు మేడమ్? పాట ల్యాప్‌టాప్‌లో వస్తది. మీరు చేతులు కదిపితే చాలు."

"మరి నొటేషన్ అన్నావుగా?"

"స్టాండు మీద కాగితాలుంటే ఫోటోలో బాగుంటదని," అంటూ మా ముందు ఒక సబ్బు ముక్క పెట్టాడు. కమానుకు సబ్బు రాస్తే తీగ పలకదు.

మాస్టారు అతన్ని కడిగేస్తారనుకున్నాను. ఆయన సబ్బు అందుకుని, నెమ్మదిగా కమాను పొడుగునా రాసుకున్నారు.

నేను రాయలేదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వాయించాను. స్పీకర్ల హోరులో నా వయొలిన్ నాకే వినపడలేదు. పట్టుచీరలో ఒకావిడ మా దగ్గరకొచ్చి, "ఎంత బాగా వాయించారండీ!" అని మాస్టారి చేయి పట్టుకుంది. ఆయన తల వంచి నమస్కారం పెట్టారు.

ఆటోలో అడిగాను. "ఏంటండి మాస్టారూ, మాట్లాడకుండా రాసేశారు?"

"ఈ వేళ్ళతో నేను అన్ని పేజీలు వాయించగలనా అమ్మా? నలుగురిలో తప్పులు దొర్లేవి. బతికిపోయా."

"మరి వాయించలేనని నాకు ముందే చెప్పలేదేం?"

"చెబితే నువ్వు పాఠానికి రావటం మానేసేదానివి," అన్నారు.

డబ్బులు తీసుకునేటప్పుడు నేను నాలుగు మాటలన్నాను కాబట్టి, ఆ ఏర్పాట్లతను మళ్ళీ నన్ను పిలవలేదు. మాస్టారిని పిలుస్తున్నాడు. ఆ తెల్లగడ్డం ఫోటోల్లో బాగా పడుతుందట. ఒకసారి పొన్నూరు, ఒకసారి పెనుమూడి వంతెన దాటి అవతలి జిల్లాకు. నేను రేపల్లె వెళ్ళటం మానుకున్నాను.

మొన్న ఆయనే బాపట్ల వచ్చారు. ఏదో రిసెప్షన్‌కి వెళ్తూ దారిలో మా ఇంట్లో ఆగారు. కాఫీ ఇచ్చాను.

"నీకు కోపంగా ఉంది కదమ్మా?"

"ఉందండి. అంత నేర్పింది ఇందుకా?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. "చర్చిలో అన్నేళ్ళు వాయించాను. దాహమేస్తే నేనే లేచి వెళ్ళి తాగేవాణ్ణి. ఇక్కడ కారు పంపిస్తారు, భోజనం కుర్చీ దగ్గరకే తెస్తారు. నాకిది బాగుందమ్మా."

బయట కారు హారన్ మోగింది. చకచకా లేచి, కోటు సర్దుకుని వెళ్ళిపోయారు. రేపల్లెలో పాఠం చెప్పిన రోజుల్లో కూడా ఆయన మొహంలో అంత సంతోషం నేను చూడలేదు. అదే నాకు మింగుడు పడలేదు.